మెట్టు దిగినవాడు



జిల్లా కేంద్రంలో పనిచేసే గుమాస్తాను మారుమూల మండలానికి బదిలీ చేశారని తెలిస్తే ఇరుగుపొరుగువారు మొదట అడిగేది ఏమిటో మీకు తెలుసు: "ఏం చేశాడట?" జీతం తగ్గలేదు, హోదా తగ్గలేదు. అయినా ఊరు చిన్నదైతే మనిషీ చిన్నవాడైనట్టే మన లెక్క. మరి పై మెట్టు నుండి కింది మెట్టుకు వెళ్ళి, అక్కడినుండి మళ్ళీ లేచినవాణ్ణి ఏమనాలి? ఈ ప్రశ్నను ఫుట్‌బాల్ మైదానానికి తీసుకువెళ్దాం. క్రికెట్‌కు అలవాటుపడిన మనకు ఆ లోకం కొంచెం కొత్త కనుక ముందుగా ఒక్క మాట.

ఐరోపా దేశాలలో ఫుట్‌బాల్ జట్లు మెట్లమీద నిలబడినట్టు ఉంటాయి. మొదటి డివిజన్‌లో అడుగున మిగిలిన జట్లు ఏడాది చివర రెండో డివిజన్‌కు జారిపోతాయి. అక్కడ పైన నిలిచినవి ఎక్కి వస్తాయి. పై జట్టులో బెంచీమీద కూర్చుని కూర్చుని తుప్పు పట్టేకంటే, కింది డివిజన్‌లో వారం వారం తొంభై నిమిషాలు ఆడటం మేలని కొందరు ఆటగాళ్ళు దిగుతారు. ఇటలీకి చెందిన లూకా తోని 2003లో మొదటి డివిజన్ జట్టు బ్రెషాను వదిలి రెండో డివిజన్‌లోని పాలెర్మోకు వెళ్ళాడు. ఆ ఏడాదే 30 గోల్స్ కొట్టి జట్టును పైకి తెచ్చాడు. 2006లో ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు.

నేను చెప్పదలచుకున్నది మాత్రం అతనికంటే ముందటి మనిషి, పావొలో రోస్సి గురించి.

1956లో ప్రాతో పట్టణంలో పుట్టిన రోస్సి చిన్న వయసులోనే యువెంటస్ క్లబ్బులో చేరాడు. సన్నని పిల్లవాడు. మోకాళ్ళు దెబ్బతిని మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు. 1975లో కోమో జట్టుకు పంపితే మొదటి డివిజన్‌లో ఆరు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోలూ చేయలేదు. 1976లో రెండో డివిజన్‌లో ఉన్న విచెంజాకు వచ్చాడు. అప్పటిదాకా అతను మైదానం అంచు వెంట పరుగెత్తే వింగర్. విచెంజా కోచ్ ఫాబ్రి అతణ్ణి తీసుకువచ్చి గోలు ఎదుట, నట్టనడుమ నిలబెట్టాడు. ఆ ఏడాది 21 గోల్స్. జట్టు మొదటి డివిజన్‌కు ఎక్కింది. మరుసటి ఏడాది 24 గోల్స్‌తో రోస్సి దేశంలోనే ప్రథముడు, విచెంజా ద్వితీయ స్థానం.

ఒక సంగతి గమనించారా? దిగినవాడు, ఎక్కినవాడు ఒకే ఆటగాడు కాదు. వింగర్‌గా దిగాడు, సెంటర్ ఫార్వర్డ్‌గా ఎక్కాడు. చిన్న చోట ఒక కోచ్ అతణ్ణి వేరే కంటితో చూశాడు. "నా చోటు ఇది కాదు" అని ఇతనూ మొండికేయలేదు.

"మళ్ళీ ఎక్కడానికే దిగితే అది వినయమెలా అవుతుందండీ?" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎగరబోయేవాడు ముందు వంగుతాడు. దాన్ని నమస్కారం అనలేం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాని దిగేటప్పుడు మళ్ళీ ఎక్కుతావని ఎవరూ పూచీ ఇవ్వరు కదా! దిగి అక్కడే ఉండిపోయినవాళ్ళ పేర్లు మనదాకా రావు, అంతే.

నన్ను ఎక్కువగా తొలిచే ప్రశ్న వేరు. దిగివచ్చినవాడికి ఆ ఊరు సత్రం, ఊరివాళ్ళకు అది సొంతిల్లు. అతనికి చోటు ఇవ్వడానికి ఆ ఊళ్ళోనే పుట్టిన కుర్రవాడొకడు బెంచీమీదకు జరుగుతాడు. ప్రతి వారం మైదానానికి వచ్చే ముసలాయన ఇతని పేరు మనవడికి నేర్పుతాడు. కాలు కుదుటపడగానే ఇతను మూట కట్టుకుంటే వాళ్ళ సంగతేమిటి?

విచెంజాలో ఇది లెక్కల్లోకే ఎక్కింది. రోస్సిమీద హక్కు యువెంటస్‌ది సగం, విచెంజాది సగం. 1978లో ఎవరికి దక్కాలో తేల్చుకోవడానికి రెండు క్లబ్బులూ సీలువేసిన కవర్లలో ధర రాశాయి. యువెంటస్ 87 కోట్ల 50 లక్షల లీరాలు రాసింది. విచెంజా అధ్యక్షుడు ఫరీనా 261 కోట్లకు పైగా రాశాడు! అది అభిమానమో, అవివేకమో నేను చెప్పలేను. 1979లో విచెంజా తిరిగి రెండో డివిజన్‌కు జారిపోయింది. రోస్సి ఆ ఏడాదీ 15 గోల్స్ కొట్టాడు, చాలలేదు. అతను పెరూజాకు వెళ్ళిపోయాడు.

వెళ్ళడం తప్పని నేననను. ఆటగాడి కాలికి ఉండే ఆయుష్షే తక్కువ. కాని తప్పు లేనిచోట కూడా ఋణం ఉంటుంది. మ్యాచ్‌ల కుంభకోణం కారణంగా 2006లో యువెంటస్‌నే రెండో డివిజన్‌కు నెట్టినప్పుడు కన్నవారో, ఇబ్రహిమోవిచ్ వంటివారు వేరే క్లబ్బులకు వెళ్ళిపోయారు. అప్పుడే ప్రపంచ కప్ గెలిచి వచ్చిన దెల్ పియెరో ఉండిపోయాడు. ఆ డివిజన్‌లో 20 గోల్స్ కొట్టి, జట్టుతోపాటు పైకి వచ్చిన ఏడాది 21 గోల్స్‌తో మొదటి డివిజన్‌లోనే ప్రథముడయ్యాడు. అతను ఋణం అప్పటికప్పుడే తీర్చుకున్నాడు. రోస్సికి ఆ అవకాశం కలగలేదు, లేదా తీసుకోలేదు.

తర్వాతి కథ లోకానికి తెలిసిందే. 1980 నాటి పందేల కేసులో రెండేళ్ళ నిషేధం (తాను నిర్దోషినని ఎప్పుడూ చెబుతూనే వచ్చాడు), 1982 ప్రపంచ కప్‌లో బ్రెజిల్‌పై మూడు, పోలండ్‌పై రెండు, ఫైనల్‌లో పశ్చిమ జర్మనీపై ఒకటి - మొత్తం ఆరు గోల్స్. ఆ ఏడాది ఐరోపాలో ఉత్తమ ఆటగాడు. అప్పటికి అతను ఆడుతున్నది యువెంటస్‌కే.

2020 డిసెంబర్ 9న రోస్సి మరణించాడు. పుట్టిన ఊరు ప్రాతో, పెద్ద పేరు తెచ్చిన క్లబ్బు తూరిన్ నగరానిది. అయినా భౌతికకాయాన్ని ప్రజల సందర్శనార్థం ఉంచింది విచెంజా మైదానంలో. కరోనా రోజులైనా జనం వచ్చారు. మరునాడు విచెంజా కథెడ్రల్‌లో అంత్యక్రియల పూజ జరిగింది. 1982లో అతనితో కలిసి ఆడినవారు శవపేటికను భుజాలమీద మోశారు.