‘పాపం’ ఎవరిది? ‘జగన్మోహిని’ ప్రేక్షకాభిప్రాయాలపై ఒక నైతిక విచారణ

సినిమా చూసి భయపడడం, నవ్వడం ప్రేక్షకుని సొంత విషయాలు. ఆ భయాన్ని గాని, నవ్వును గాని మరొకరి ముందు సమర్థించుకోవలసి వచ్చినప్పుడు అవి అభిప్రాయాలుగా మారతాయి. అభిప్రాయంలో తీర్పు ఉంటుంది. తీర్పు ఉన్నచోట బాధ్యత ఉంటుంది. తక్కువ ఖర్చుతో తీసిన భయానక చిత్రాల విషయంలో ఈ బాధ్యత సాధారణంగా చర్చకు రాదు. అటువంటి సినిమాకు తీర్పు అనవసరమనీ, దానిని చూసేవారికి తీర్పు చెప్పే శక్తి లేదనీ ముందే నిర్ణయించుకోవడం ఇందుకు కారణం. ఈ నిర్ణయం ఎంతవరకు న్యాయమో బి.విఠలాచార్య దర్శకత్వంలో 1978లో వచ్చిన ‘జగన్మోహిని’ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చిత్రంలో నరసింహరాజు, ప్రభ, జయమాలిని ప్రధాన పాత్రధారులు. ఒక రాజు చేతిలో వంచనకు గురై మరణించిన స్త్రీ మోహినీ పిశాచమై, మరుజన్మ ఎత్తిన అతణ్ణి వెదుక్కుంటూ వస్తుంది. దైవభక్తురాలైన అతని భార్య ఆమె బారినుండి భర్తను కాపాడుకుంటుంది. అస్థిపంజరాలు, కెమెరా కనికట్టు, జయమాలిని శృంగారాభినయం దీని ప్రధానాకర్షణలు. తెలుగునాటనే గాక తమిళనాట కూడా ఆదరణ పొందిన ఈ కథను 2009లో తమిళంలో అదే పేరుతో మళ్ళీ తీశారు.

ఈ తరహా చిత్రాలపై వినవచ్చే మాటలను నాలుగు విధాలుగా విభజించవచ్చు. మొదటిది పరిహాసం: దెయ్యం భయపెట్టలేదు, నవ్వించింది అనడం. రెండవది అశ్లీలతపై ఆక్షేపణ. మూడవది మూఢనమ్మకాలను పెంచుతున్నదన్న ఆరోపణ. నాలుగవది చిన్ననాటి భయాన్ని ముచ్చటగా తలచుకోవడం. మొదటి మూడూ సినిమాను తక్కువ చేస్తాయి. నాలుగవది దానిని క్షమిస్తుంది. ఈ సినిమా ఎవరిని చూసి భయపడమంటున్నదన్న ప్రశ్న మాత్రం నాలుగింటిలోనూ లేదు.

పరిహాసం ఒక్కొక్కసారి సినిమాను దాటి ప్రేక్షకుని మీదికి పోతుంది. ‘నేలటిక్కెట్టు అభిరుచి’ అన్న మాట ఇందుకు నిదర్శనం. టూరింగ్ టాకీసుల్లో నేల, బెంచీ, కుర్చీ అన్నవి కూర్చునే చోట్ల పేర్లు. క్రమంగా అవే అభిరుచికి తరగతులయ్యాయి. నేలమీద కూర్చున్నవాడు భయపడితే అజ్ఞానమనీ, కుర్చీలో కూర్చున్నవాడు నవ్వితే వివేకమనీ లెక్క ఏర్పడింది.

ఈ లెక్క తప్పని చూపడానికి నెల్లూరు తీరం తగిన ఉదాహరణ. విఠలాచార్య జానపదాల్లో ప్రతినాయకునిగా పేరుపొందిన రాజనాల ఈ తీరంలోని కావలివాడే. 1971 అక్టోబరులో శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్టును ప్రయోగించారు. 1979 ఆగస్టులో ఎస్‌ఎల్‌వి–3 తొలి ప్రయోగం జరిగింది. అస్థిపంజరాలు తెరమీద ఆడిన కాలమూ, రాకెట్లు ఆకాశానికి లేచిన కాలమూ ఒకటే. రెండింటినీ చూడగల చోట ఉన్నవారిని కేవలం మూఢులని కొట్టిపారేయడం కుదరదు. భరతుని మతంలో భయం స్థాయిభావాల్లో ఒకటి. చదువు వల్ల పోయేదీ, చదువులేమి వల్ల వచ్చేదీ కాదు. అసలు భయమెటువంటిదో తీరవాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపంలో తీరం దాటిన తుపాను నాటి భయాన్ని టిక్కెట్టు కొని మళ్ళీ అనుభవించాలని ఎవరూ కోరుకోరు. తెరమీది భయాన్ని కోరుకుంటారంటే, దానికీ దీనికీ ఉన్న తేడా వారికి తెలుసునన్నమాటే.

ఈ తేడాను అభినవగుప్తుడు సాధారణీకరణంతో వివరించాడు. భయానకరసానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ శాకుంతలంలో దుష్యంతుని బాణానికి బెదరి పరుగెత్తే లేడి. ఆ భయం సహృదయునికి తనదిగానూ తోచదు, ఫలానావారిదిగానూ తోచదు. దేశకాలాల కట్టు తెగి, అది కేవలం భయంగా ఆస్వాద్యమవుతుంది. ఈ ఉదాహరణలో ఒక నైతికాంశం కూడా ఉంది. బాణం రాజుది, భయం లేడిది. నాయకుడు దుష్యంతుడే అయినా ఆ క్షణంలో సహృదయుని గుండె లేడితో పాటు కొట్టుకుంటుంది.

‘జగన్మోహిని’లో ఈ సంబంధం తలకిందులైంది. ఇక్కడా వేటాడినవాడు రాజే. వేటకు బలైన లేడి తిరిగివచ్చింది. ప్రేక్షకుని మాత్రం వేటగాని వైపు నిలబడి, లేడిని చూసి భయపడమన్నారు. ఈ భయం సాధారణీకృతం కాలేదు. వంచించిన పురుషుని క్షేమానికి ముడిపడే ఉండిపోయింది. స్వపరభేదంతో కూడిన ఇటువంటి ప్రతీతిని అభినవగుప్తుడు రసవిఘ్నాల్లో చేర్చాడు. సమాజం అణచివేసినదే భయానక చిత్రాల్లో రాక్షసరూపంతో తిరిగివస్తుందని విమర్శకుడు రాబిన్ వుడ్ 1979లో అమెరికా చిత్రాల నాధారంగా ప్రతిపాదించాడు. మోహిని విషయంలో అణచివేతకు గురైనది ఒక స్త్రీ ఫిర్యాదు.

రసభంగానికి అనౌచిత్యమే కారణమని ఆనందవర్ధనుని సిద్ధాంతం. పరిహసించేవారు అనౌచిత్యాన్ని పనితనంలోని పేదరికంలో చూశారు. ఆక్షేపించేవారు జయమాలిని వేషంలో చూశారు. రెండవ ఆక్షేపణకు కొంత బలముంది. ఆమె దేహాన్ని ఆకర్షణగా వాడుకున్న మాట నిజమే. అయితే దేహాన్ని ప్రదర్శించి, ఆ దేహానికి జరిగిన ద్రోహాన్ని మరిపించడం అంతకంటె పెద్ద అనౌచిత్యం. విఠలాచార్య సినిమా అనగానే, పొయ్యిలో కట్టెలకు బదులు కాళ్ళు పెట్టి వండే దెయ్యం చాలామందికి గుర్తుకు వస్తుంది. నవ్వించే ఆ దృశ్యంలో ఉన్నది కూడా ఒక ఇంటికి వంట చేస్తున్న స్త్రీయే.

వినోదం కోసం తీసిన జానపదాన్ని న్యాయం అడగడం అతి కాదా అన్న ఆక్షేపం రావచ్చు. కథలో వంచన లేకుంటే ఆ ఆక్షేపం నిలిచేది. వంచనను చెప్పి దాని మీదనే కథ నడిపినప్పుడు, చెప్పిన వంచనకు కథ బాకీపడుతుంది. పైగా ఇటువంటి కథను మరోవిధంగా నడపవచ్చునని నెల్లూరు సీమతో ముడిపడిన జానపదమే చూపుతుంది. నెల్లూరు సిద్ధిరాజుతో పుల్లరి విషయమై వచ్చిన యుద్ధాన్ని చెప్పే కాటమరాజు కథలో, గంగ కాటమరాజును వరించడం, అతడు యుక్తితో ఆమెను తప్పించుకోజూడడం ఉన్నాయి. అక్కడ కూడా స్త్రీశక్తి భయంకరమే, పురుషుని మాటలో మాయ ఉన్నదే. కాని కథ పాడే గొల్ల సంప్రదాయం గంగను తరిమివేయలేదు, కొలుచుకుంది. తీరంలో వేటకు పోయే మత్స్యకారులకూ ఆమె కొలిచే దేవతే. మాట తప్పితే వచ్చే భయాన్ని ఆ సంప్రదాయం గౌరవంగా మార్చుకోగలిగింది. సినిమా ఆ భయాన్ని వాడుకొని, దాని మూలాన్ని విడిచిపెట్టింది.

అయినా ప్రేక్షకుడు సినిమా చెప్పినట్లే విన్నాడనుకోనక్కరలేదు. చిత్రానికి పెట్టిన పేరు కాపాడిన భార్యది కాదు, కాపురాన్ని కాపాడుకున్న భర్తదీ కాదు, మోహినిది. జనం ఎక్కువగా జ్ఞాపకం పెట్టుకున్నదీ ఆమెనే. ఆమె ఓడిపోవాలని కథ కోరుతుండగానే, ఆమెను ఇంకొంతసేపు చూడాలని ప్రేక్షకుడు కోరాడు. ఈ కోరికను కేవలం కామమని తీసివేస్తే, అందులో ఆమె పట్ల ఉండదగిన పక్షపాతం కూడా కనబడకుండా పోతుంది.

తెలుగులో ‘పాపం’ అన్న ఒక్క మాట చేసిన దోషాన్నీ చెబుతుంది, బాధపడినవారి పట్ల జాలినీ చెబుతుంది. రాజు చేసినది పాపం, మోహిని పాపం. భాషలో ఒకటిగా ఉన్న ఈ రెండు అర్థాలను సినిమా విడదీసింది: దోషాన్ని పూర్వజన్మకు పంపి, జాలిని వర్తమాన జన్మలోని భర్తకు కేటాయించింది. కాబట్టి ప్రేక్షకాభిప్రాయాన్ని తూచవలసినది అది నేలమీద పుట్టిందా, కుర్చీలో పుట్టిందా అని కాదు. విడిపోయిన ఆ రెండు అర్థాలను తిరిగి కలిపిందా లేదా అని. అస్థిపంజరాల నాణ్యతను ఎంత నిశితంగా విమర్శించినా, మోహినికి జరిగినదాన్ని గమనించని అభిప్రాయం అసంపూర్ణమే. భయంతో కళ్ళు మూసుకుంటూనే ఎవరైనా ఆమెను చూసి ‘అయ్యో పాపం’ అనుకుని ఉంటే, ఆ సినిమా మీద చెప్పదగిన తీర్పు ఆ మాటలోనే ఉంది.