మాయలో సత్యనిష్ఠ: కె.వి. రెడ్డి దర్శకత్వ విధానం - నైతిక పరిశీలన

చలనచిత్రం స్వభావరీత్యా భ్రాంతిని కల్పించే కళ. లేనిదాన్ని ఉన్నట్లు చూపే కళాకారుడికి సత్యం పట్ల బాధ్యత ఉంటుందా? ఉంటే దాని స్వరూపమేమిటి? ‘మాయాబజార్’ (1957) ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1912లో తాడిపత్రిలో జన్మించిన కె.వి. రెడ్డి చిత్రరంగంలో తొలినాళ్లలో క్యాషియరుగా పనిచేశారు. ‘భక్త పోతన’ (1942)తో దర్శకులైన తరవాత కూడా ఆయనలోని లెక్కల మనిషి కొనసాగాడు. చిత్రీకరణకు ముందే స్క్రిప్టును స్థిరపరచడం, సన్నివేశాల నిడివిని స్టాప్‌వాచీతో కొలవడం ఆయన పద్ధతి. దీన్ని కేవలం పొదుపుగా భావించడం చాలదు. ఏ క్షణాన ప్రేక్షకుడికి ఏది తెలియాలో ముందే నిర్ణయించుకోవడం దీని అంతరార్థం.

మోసం ఎదుటివారి వివేచనాశక్తిని హరిస్తుంది. అందుకే అది అధర్మం. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించడం ప్రేక్షకుడి కళ్లెదుటే జరుగుతుంది. సావిత్రి అభినయంలో ఘటోత్కచుని రాజసం తొంగిచూసినప్పుడల్లా లోపలున్నది ఎవరో మనకు గుర్తుకువస్తుంది. మార్కస్ బార్‌ట్లీ సృష్టించిన వెన్నెల కృత్రిమమైనా, కథలోని మాయ విషయంలో దర్శకుడు ప్రేక్షకుడి వద్ద దాచినదేమీ లేదు. పింగళి నాగేంద్రరావు రచనలోని సత్యపీఠం శకుని చేతనే పన్నాగాన్ని పలికిస్తుంది. ఇక్కడ మాయ సత్యాన్ని కప్పదు, వెలికితీస్తుంది.

అయితే ఈ సమర్థనకు లక్ష్మణకుమారుని పాత్ర అడ్డుతగులుతుంది. వివాహం వెనుకనున్న రాజకీయం అతడు పన్నినది కాదు. పెళ్లిపీటలపై మాయాశశిరేఖ భయంకర రూపాలు అతడికి మాత్రమే కనిపిస్తాయి. చూసింది చూసినట్లు చెప్పినా నమ్మేవారు లేరు. ఆ మంటపంలో నిజం చెబుతున్నవాడు అతడే, నవ్వులపాలవుతున్నవాడూ అతడే. అతడి గర్వం మన నవ్వుకు కారణం కావచ్చుగాని, పూర్తి సమర్థన కాజాలదు. ఈ సన్నివేశంలో మోసపోయినవారు నవ్వడం లేదు. నిజం తెలిసిన మనమే నవ్వుతున్నాం.

కనుక దర్శకుడు ప్రేక్షకుడి పట్ల చూపిన సత్యనిష్ఠ, కథలోని పరాభవాన్ని నిర్దోషంగా మార్చదు. అది ప్రేక్షకుణ్ణి సాక్షి స్థానం నుంచి భాగస్వామి స్థానానికి తెస్తుంది. తెలిసి నవ్వినవాడు ఆ నవ్వుకు బాధ్యుడు. కె.వి. రెడ్డి విధానంలోని నైతిక విలువ మనల్ని నిర్దోషులుగా నిలపడంలో లేదు. మోసపోయామని చెప్పి తప్పించుకునే అవకాశం మనకు మిగల్చకపోవడంలోనే ఉంది.