గంజాయిని గూర్చి భయపెట్టవచ్చునా?

సూరతు నగరపు రింగ్ రోడ్డు పొడవునా చీరల మార్కెట్లు బారులు తీరియున్నవి. ఆ బట్ట నేయు మరమగ్గములయొద్ద తెలంగాణనుండి వలసవెళ్లిన పద్మశాలీలనేకులు పాటుపడుచున్నారు. పన్నెండేసి గంటల పని, మగ్గముల హోరు, ఇంటికి దూరము. అట్టి చోట గంజాయి "అలసట తీర్చు ఆకు" అను పేరుతో యువకుని చేతికి వచ్చుట వింత కాదు.

దేవుడు మొలిపించినదే గదా అని కొందరు ఆదికాండము 1:29ను చూపుదురు. గన్నేరును మొలిపించినవాడును ఆయనే. దానిని కూర వండుకొనువారు లేరు. కొన్ని రాష్ట్రములలో భంగు అంగళ్లకు అనుమతియున్నది గనుక గంజాయియు నేరము కాదందురు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము పూతకొనలు లేని ఆకును విడిచినదేగాని పూతకొనలను విడువలేదు. ఇక అలసట తీరదు, తెలియకుండ పోవును. చేతి చురుకు తగ్గును. తిరుగుచున్న మగ్గము అందుకొరకు ఆగదు.

ఇంతవరకు సంఘపెద్దలకు అభ్యంతరముండదు. చిక్కు ఇచ్చటనే యున్నది. ఒక్క దమ్ముతో పిచ్చియెత్తునని, పీల్చినవాడెల్ల హంతకుడగునని ప్రసంగములలో వినబడుచుండును. 1893-94లో ఆంగ్ల ప్రభుత్వపు విచారణ సంఘము పిచ్చాసుపత్రుల రికార్డులను శోధించి, గంజాయియే ఉన్మాదకారణమని అనేకుల విషయమై తగిన విచారణ లేకయే వ్రాయబడినదని కనుగొనెను. మితిమీరిన వాడుక హానికరమనియు అదే సంఘము చెప్పెను. వాడువారిలో ఇంచుమించు పదిమందికొకడు, కౌమారములో ఆరంభించినవారిలో ఆరుగురికొకడు బానిసయగునని నేటి వైద్యుల అంచనా. వంశములో మానసిక వ్యాధియున్నవారికి అపాయము మరింత హెచ్చు. ఇది చాలదా?

గలతీ 5:20లోని "ఫార్మకీయ" అను గ్రీకు పదమును గంజాయికి అతికించుటయు ఇట్టిదే. మందుమాకుల వాసన ఆ పదమునకు లేకపోలేదు గాని, అపొస్తలుడు చెప్పుచున్నది మంత్రవిద్యను గూర్చియే. తెలుగు అనువాదకులు "అభిచారము" అనిరి, సరిగానే అనిరి. మత్తును ఖండించుటకు తరువాతి వచనములోని "మత్తతలు" అను మాట యుండనే యున్నది.

మేలుకొరకే గదా, కొంత పెంచి చెప్పిన తప్పేమి అని యడుగువారు కలరు. తోటివాడు రాత్రి పీల్చి మరునాడు యథాప్రకారము పనికి వచ్చుట యువకుడు చూచును. ఆ దినమున పెద్దల మాటలో అబద్ధముతోకూడ నిజమును పారవేయును. ఇదివరకే చిక్కుకొనినవాడో, హంతకుడని పిలువబడినందున, దాగుకొనును. స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందముగా గుర్తింపుగల ఆసుపత్రిలో చికిత్సకు చేరి దానిని పూర్తిచేసినయెడల, అదే చట్టములోని 64ఎ సెక్షను అతనికి ప్రాసిక్యూషనునుండి మినహాయింపునిచ్చుచున్నది. దాగియున్నవానికి ఆ సంగతి ఎవరును చెప్పజాలరు.