వెలకు దొరకు ఆతిథ్యము

ఇటలీ దేశపు వాయవ్యమూలనున్న ఆవొస్తా లోయలో, గ్రాన్ సాన్ బెర్నార్దో కనుమకు దిగువగా, సాఁ రెమీ యను చిన్న గ్రామము కలదు. అచ్చటి పాతయిండ్లు రాతిగోడలతో, రాతిపలకల పైకప్పులతో శతాబ్దములుగా మంచుబరువును మోయుచున్నవి. అట్టివానిలో కొన్నింటిని నేడు సెలవులు గడుప వచ్చెడి కుటుంబములకు అద్దెకిచ్చుచున్నారు. లోపల నడుగిడినచో గోడలకు చెక్కతొడుగు, ఒక మూల కట్టెలపొయ్యి, ఉన్ని కంబళ్లు, నలుగురికి సరిపోవు వంటపాత్రలు, అలమరపై ఆ లోయవారి స్నేహపాత్రయు కానవచ్చును. చుట్టును ముక్కులుగల ఆ కఱ్ఱగిన్నెలో వేడి కాఫీయు ద్రాక్షసారాయు కలిపిపోసి, ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్కున త్రాగి ప్రక్కవారి కందింతురు.

కిటికీ కావల మంచు కురియుచుండగా ఆ పొయ్యి యెదుట గూర్చున్నవాని సుఖమును వర్ణింప నక్కఱలేదు. కాని యా సుఖమునం దొక చిక్కు కలదు. వెచ్చదనమునకు రుచి వెలుపలి చలివలన వచ్చినది. వేసవి నడిమధ్యాహ్నమున ఆ పొయ్యి యెవరికిని పట్టదు. చలి యున్నదన్న యెఱుకయే లోపలి హాయికి సగము కారణమైనపుడు, ఆ చలిలో చిక్కుకొన్న మనుష్యు డెవడైన నున్నాడా యని యడుగకయే ఆ హాయి ననుభవించుట ధర్మమగునా?

ఈ ప్రశ్న ఆ కొండలకు క్రొత్తదికాదు. గ్రామమునకు పైన, 2,469 మీటర్ల యెత్తున నున్న కనుమపై, పూర్వము రోమనుల జూపిటరు దేవాలయ ముండెడిది. క్షేమముగా పోయి క్షేమముగా మరలివచ్చుటకై మ్రొక్కుకొన్న బాటసారులు తమ మ్రొక్కులను కంచురేకులపై చెక్కించి దేవునకు సమర్పించెడివారు. 1050 ప్రాంతమున ఆవొస్తా మతాధికారియైన బెర్నార్డు అదే కనుమపై ఒక సత్రమును నెలకొల్పెను. అగస్టీను నియమము ననుసరించు మఠవాసులు నేటికిని దానిని నడపుచున్నారు. మంచులో దారితప్పినవారిని వెదకిన ఆ మఠపు కుక్కల కీర్తి లోకవిదితమే. సాఁ రెమీ పురుషులును చలికాలమున బాటసారులను కనుమ దాటించు భారమును వహించి, దానికి బదులుగా సైనికసేవనుండి మినహాయింపు పొందియుండిరి. దేవునితో మ్రొక్కుబడి, ప్రభువుతో మినహాయింపు: ఆ కొండపై ఇచ్చిపుచ్చుకొనుట లేని కాలము మిక్కిలి యరుదు.

కావుననే, ఆతిథ్యమునకు వెల కట్టుట కలికాల మహిమ యని నిట్టూర్చు భక్తులతో నేనేకీభవింపజాలను. అతిథిని దేవునిగా చూడుమన్న తైత్తిరీయోపనిషత్తే, తన తుదిభాగమున, వసతి కోరి వచ్చిన యెవ్వరిని కాదనరాదు, అది వ్రతము అని విధించి, అందువలన ఏ విధముననైనను సమృద్ధిగా అన్నమును సంపాదింపవలెనని వెంటనే చెప్పుచున్నది. ఆ ఋషికి లెక్కలు తెలియును. వట్టికుండతో అతిథిపూజ సాగదు. పడుచువారు పట్టణములకు వలసపోయిన పర్వతగ్రామమున అద్దెసొమ్ము లేనిచో రాతికప్పు కూలిపోవును. నేడు కనుమపై సత్రమునందును బసకు రుసుము కలదు. వెల యడిగి పుచ్చుకొనుట కంటె, ఇత్తునని యీయకుండుట హేయము: 1800 మే మాసమున సైన్యముతో ఈ కనుమ దాటిన నెపోలియను, ఆవలివైపు బూర్ సాఁ పియేర్ గ్రామమువారి కిత్తునన్న నష్టపరిహారమును పూర్తిగా చెల్లింపడయ్యెను, 1984 లో ఫ్రెంచి అధ్యక్షుడు మిత్తెరాఁ గౌరవసూచకముగా ఒక ఫలకము నిచ్చి ఆ బాకీని మాఫీ చేయించుకొనవలసివచ్చెను!

దోషము వెలలో లేదు. ఉపనిషత్తు చెప్పిన రెండింటిలో అన్నసంపాదనము నిలిచి, కాదనకుండుట జారిపోవుటలోనే యున్నది. అద్దెయింటి యజమాని తఱచు దూరనగరమున నుండును. తాళపుచెవి గుమ్మముకడ అంకెలపెట్టెలో నుండును. వచ్చినవారి పేర్లు చట్టప్రకారము పోలీసువారికి చేరును. తుపాను రాత్రి ఆ తలుపు తట్టినవానికి కాదనుటకైనను అవుననుటకైనను ఇంటివాడక్కడ లేడు.

అయినను లోపల పొయ్యి మండుచున్నది, దాని యెదుట నొకడు గూర్చున్నాడు. ఇల్లు తనది కాదు కనుక తాను అతిథిననియు, అతిథికి విధులు లేవనియు అతడు తలపవచ్చును. సంసారమంతయు అద్దెయింటి బసయే యని వైరాగ్యము పలుకుటయు సులభమే; తెల్లవారి తాళమువేసి పోవువానికి ఆ వైరాగ్యమువలన నష్టమేమియు లేదు. కాని యుపనిషత్తు వసతిని గూర్చి పలికినదే గాని దస్తావేజును గూర్చి పలుకలేదు; పొయ్యి యెవని యధీనమున నున్నదో ఆ రాత్రికి వాడే గృహస్థు. నలుగురికి మించరాదని ఒప్పందపత్రమున వ్రాసియుండవచ్చును. మంచులోనుండి వచ్చిన యైదవవానికి చోటిచ్చినచో యజమాని అదనపు రుసుము కోరవచ్చును; కోరుట అతని హక్కు, చెల్లించుట ఆ రాత్రి గృహస్థుని వంతు.