స్నేహితురాలి ఉత్తరాలు

మనకోసమే రాసిన ఉత్తరం ఇంకొకరికి చూపించవచ్చునా?

ఇంగ్లండులో ఎలిజబెత్ కార్టర్, కేథరిన్ టాల్బట్ 1741లో స్నేహితులయ్యారు. కార్టర్‌ది డీల్ అనే సముద్రతీరపు ఊరు. టాల్బట్ తల్లితోపాటు బిషప్ సెకర్ గారింట్లో ఉండేది. ఎపిక్టెటస్ గ్రీకు బోధల్ని ఇంగ్లీషు చెయ్యమని టాల్బట్ ఒకటే పోరు! కార్టర్ రాసిన కాయితాలు పంపితే బిషప్ గారూ చదివి దిద్దేవారు. 1758లో పుస్తకం వచ్చింది. అదీ పంచుకోవడమే, బాగానే ఉంది.

టాల్బట్ మాత్రం తను రాసినవి చాలామటుకు దాచుకుంది. 1770లో ఆవిడ పోయాక తల్లి ఆ కాయితాలు కార్టర్ చేతిలో పెట్టింది. కార్టర్ సొంత డబ్బుతో అచ్చు వేయించింది. దాచుకున్నావిడని అడిగిందెవరు? అయినా వెయ్యకపోతే టాల్బట్ పేరు ఇవాళ నాకు తెలిసేదా? 1806లో కార్టరూ పోయాక, ఇద్దరి ఉత్తరాలూ ఆవిడ చెల్లెలి కొడుకు అచ్చువేశాడు.

నా ట్రంకుపెట్టెలోనూ ఓ కట్ట ఉంది. రాసిన మనిషి లేదు. మొన్న దాని కూతురొచ్చి, "అమ్మ ఉత్తరాలు ఓసారి ఇవ్వవా పిన్నీ" అంది. ఇస్తానన్నాను. రాత్రి కట్ట విప్పితే, ఈ పిల్ల కడుపులో పడ్డప్పుడు వద్దనుకుని ఏడుస్తూ రాసిన ఇన్లాండు లెటరు కనిపించింది.

దాన్ని విడిగా తీసి బీరువాలో పెట్టాను. చింపడానికి చెయ్యి రాలేదు. ఆదివారం ఆ పిల్ల వస్తుంది.