గోదారి ఎందుకు చెప్పలేదు

సీత కనబడక రాముడు చెట్టునూ పుట్టనూ అడుగుతూ తిరిగిన ఘట్టం అరణ్యకాండలో ఉంది. కడిమి చెట్టును అడిగాడు, మారేడును అడిగాడు, మద్దిని అడిగాడు. చివరికి గోదావరినీ అడిగాడు. రావణుడు ఎత్తుకుపోవడం గోదావరి చూసింది. చెప్పవమ్మా అని అక్కడి భూతాలు కూడా ఆమెను తొందరపెట్టాయి. అయినా రావణుడి రూపం, వాడు చేసే పనులు తలచుకుని భయంతో నోరు విప్పలేదంటాడు వాల్మీకి. లేళ్లు నయం, దక్షిణం వైపు చూసి సైగైనా చేశాయి.

మా దుమ్ముగూడెం వైపు వాళ్లం ఇదంతా పర్ణశాల దగ్గరే జరిగిందని నమ్ముతాం. పంచవటి మాదంటారు నాసిక్ వాళ్లు. ఆ తగువు నాకక్కర్లేదు. ఆశ్రమ పాఠశాలల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. శనివారం సాయంత్రాలు నలుగురు ఆడవాళ్లకు రామాయణం చదివి వినిపిస్తుంటాను. ఆ చదువులో ఎప్పుడూ ఒకే రెండు మాటలు తగువుకు వస్తాయి. మా తమ్ముడు వచ్చాడంటే, "ఈ రోజుల్లో లోకమంతా మగాడి మీదే పగబట్టిందక్కా, వాడు పుట్టడమే నేరం" అంటాడు. నా దగ్గర చదువుకుని ఇప్పుడు నర్సుగా చేస్తున్న పిల్ల, "అంతటి రాముడే అట్లా చేస్తే మిగతావాళ్ల సంగతేంది టీచర్?" అంటుంది. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. ఇద్దరికీ కోపం నిజంగానే ఉంది.

రాముణ్ణి బోనులో నిలబెట్టడం మనకు కొత్త కాదు. రంగనాయకమ్మగారు 1970ల్లోనే 'రామాయణ విషవృక్షం' రాశారు. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. వాదనలో పదును ఉంది గానీ, ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. ఓల్గా 'విముక్త' వేరే దారి పట్టింది. అందులో సీత శూర్పణఖను కలుస్తుంది, అహల్యను కలుస్తుంది. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది దానికి. మా శనివారం వాళ్లకు ఇదే నచ్చింది, నాకూ ఇదే. అయితే ఈ చర్చలన్నిటా రాముడు చేసింది తప్పా ఒప్పా అన్నదే ముందుకొస్తుంది. ఆ పక్కన నిలబడి చూస్తున్నవాళ్లు ఏం చేశారన్నది ఎవరూ అడగరు.

యుద్ధకాండ తీయండి. ఎక్కడికైనా వెళ్లిపొమ్మని రాముడు అందరి ముందూ సీతతో అన్నాడు. హనుమంతుడు అక్కడే ఉన్నాడు. అశోకవనంలో సీత రావణుడికీ తనకూ మధ్య గడ్డిపరక పెట్టుకుని జవాబు చెప్పిందంటే, చెట్టు మీద కూర్చుని అది కళ్లారా చూసినవాడు ఆయన. అంతకు మించిన సాక్షి ఉన్నాడా? కానీ ఆ సమయంలో రాముడితో మాట్లాడటానికి కాదు, ఆయన ముఖం చూడటానికి కూడా స్నేహితుల్లో ఒక్కడికీ ధైర్యం చాలలేదని రాశాడు వాల్మీకి. లక్ష్మణుడు అన్నగారి మనసెరిగి చితి పేర్చాడు. మనుషులూ వానరులూ నోరు మూసుకున్నారు కాబట్టే అగ్ని వచ్చి సాక్ష్యం చెప్పాల్సి వచ్చిందని నాకనిపిస్తుంది. పండితులు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనీ.

ఉత్తరకాండలో ఊరి మాటలు రాముడి చెవిన వేసినవాడు భద్రుడనే సభికుడు. జనం నోట్లో అది చాకలివాడి మాటైంది. ఆడమనిషి మీద నింద, ఆ నిందకు చాకలి మీద నెపం. సభలో కూర్చున్నవాళ్లు ఎంత చక్కగా తప్పుకున్నారో చూడండి. ఆఖరికి వాల్మీకే సభలోకి వచ్చి, తన తపస్సు మీద ఒట్టుపెట్టి సీత నిర్దోషి అని చెప్పాడు. అప్పటికి కొడుకులు పెద్దవాళ్లయ్యారు. ఆమె ఆ సాక్ష్యం పుచ్చుకుని ఇంటికి పోలేదు, భూమిలోకి పోయింది.

మన తర్కశాస్త్రం పొగను చూసి నిప్పు ఉందని ఊహించడానికి ఒప్పుకుంటుంది. మగవాడు కావడం పొగ కాదు. ఆడది కావడమూ పొగ కాదు. 'ఆడది తిరిగి చెడింది, మగవాడు తిరగక చెడ్డాడు' అని సామెత కట్టినవాడు ఏ ఆడదాని వెంటా తిరిగి చూసి ఉండడు. 'మగాళ్లంతా ఇంతే' అనే ఆమెకూ ఆ 'అంతా' ఎవరో తెలియదు. రెంటికీ సాక్షితో పని లేదు. ఎవరూ ఏమీ చూడనక్కర్లేకుండా ఇచ్చేసుకునే తీర్పులివి.

ఒక గూడెం పంచాయితీ చెబుతాను. పెళ్లయిన పిల్ల, నా పాత విద్యార్థిని. మోచేతి పైన కమిలి నల్లబడిన గీతలు. తునికాకు రోజులు. వేపచెట్టు కింద ఆడవాళ్లు 50 ఆకుల చొప్పున కట్టలు కడుతూనే పంచాయితీ వింటున్నారు. "ఓలి ఇచ్చి తెచ్చుకున్నం, ఒక మాట అనే హక్కు లేదా?" అన్నారు మగపెళ్లివారు. ఒక పెద్దమనిషి "ఆడోళ్లు గోరంత ఉంటే కొండంత చేస్తరు" అన్నాడు. ఇంకొకాయన ఆ పిల్ల తరఫున మాట్లాడుతున్నాననుకుని, "మగోడన్నాక చెయ్యి లేవకుండా ఉంటదా" అన్నాడు. ఎవరన్నా చూశారా అని కులపెద్ద అడిగాడు. ఆకు మీద ఆకు పేర్చే చేతులు ఆగలేదు. నార బిగించి ముడేస్తున్నారు, తల ఎవరూ ఎత్తలేదు. చుట్టుపక్కల నాలుగిళ్ల వాళ్లూ అక్కడే ఉన్నారు.

వెనక నుంచి ఒక ముసలాయన లేచాడు. "నేను జూసిన. వాగు కాడ. గొడ్డలి కామ తోటి కొట్టిండు, రెండు దెబ్బలు. మూడోది నేను కేకేస్తే ఆపిండు." ఆ కుర్రవాడికి ఆయన సొంత మేనమామ. "నీకెందుకు మామా?" అన్నాడు కుర్రాడు. "కండ్లున్నయి గదరా" అన్నాడాయన. ఆ మాటతో పంచాయితీ దారికొచ్చింది. దండుగ వేశారు, పిల్లను కొన్నాళ్లు పుట్టింట ఉంచమన్నారు. మేనమామను మాత్రం ఆ ఏడు కొత్తల పండక్కి ఆ ఇంటివాళ్లు పిలవలేదు. గోదావరి భయం ఉత్తది కాదు మరి.

భద్రాచలం పక్కనే ఉన్న యేటపాకలో జటాయువు పడ్డాడంటారు మావాళ్లు. రావణుడికి అడ్డం తిరిగి, రెక్కలు తెగి, చూసింది చెప్పి మరీ చనిపోయిన ముసలి పక్షి, మగ పక్షి. అసలు భద్రాద్రి గుడి కూడా ఒక ఆడమనిషి మాట మీద లేచిందే. పుట్టలో రాముడున్నాడని పోకల దమ్మక్క చెప్పింది, పందిరి వేసి తాటిపండు నైవేద్యం పెట్టింది. గుడి కట్టిన గోపన్న తహసీల్దారు హోదాలో వచ్చింది ఆ తర్వాతే. చెరసాలలో పడ్డాక ఆయన కూడా సిఫారసు కోసం సీతమ్మనే పట్టుకున్నాడు, అది వేరే సంగతి.

మగవాళ్లకూ అన్యాయం జరుగుతోంది కదా అంటే, జరుగుతోంది. రెండు అన్యాయాలూ ఒకే బరువా అంటే మాత్రం కాదంటాను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదు. కోయ ఆడపిల్లకు తండ్రి భూమిలో వాటా సంగతి కులాచారం తేల్చాలి. ఆచారం కొడుకుల వైపే తేలుస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం పెళ్లయినవాళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇమ్మంది. నా దృష్టిలో ఆ ఒక్క వాక్యం చాలా ఉపన్యాసాల పెట్టు. మగవాడి మీద ఎన్ని మాటలు పడ్డా వాడి పేరు మీదున్న చెలక ఎక్కడికీ పోదు.

ఇక భార్యను భర్తా అత్తింటివాళ్లూ పెట్టే హింస మీద 498ఏ సెక్షను. 1983లో వచ్చింది. నాలుగు గోడల మధ్య జరిగేదానికి చూసినవాళ్లుండరు, ఉన్నా చెప్పరు, అందుకే అంత గట్టిగా పెట్టారు. ఇప్పటికీ అదే నంబరు అన్నట్టు మాట్లాడతాం గానీ 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85. ఆలోచించకుండా అరెస్టులు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లోనే పోలీసులకు చెప్పింది. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసు కొట్టేస్తూ, ఎవరు ఏం చేశారో చెప్పకుండా ఇంటిల్లిపాదినీ ఇరికించడం తగదంది. బాధపడ్డ ఆడవాళ్లు నోరు మూసుకోవాలని తమ ఉద్దేశం కాదనీ ఆ తీర్పులోనే రాసింది. మా తమ్ముడు మొదటి సగం కాగితం జేబులో పెట్టుకు తిరుగుతాడు. నర్సు పిల్ల రెండో సగం గుర్తుచేస్తుంది.

తమ్ముడి కోపానికి కారణం ఉంది. వాడి కొడుకు మీద ఖమ్మంలో ఆ కేసే నడుస్తోంది. కొడుకుతో పాటు మా మరదలి పేరూ, విశాఖలో కాపురముంటున్న కూతురి పేరూ రాశారు. మా వాడు బంగారమని కోర్టులో చెప్పమంటాడు తమ్ముడు. ఆ మొగుడూ పెళ్లాల మధ్య ఏం జరిగిందో నేను చూడలేదు. కోడల్ని మరదలు కొట్టిందని ఫిర్యాదులో రాసిన నెలల్లో మరదలు మంచం దిగలేదు. ఆమెకు స్నానం చేయించింది, మందులు వేసింది నేను. అది చెబుతానన్నాను. "సొంత మేనల్లుడక్కా, రక్తం పంచుకు పుట్టినదానివి, ఆ మాత్రం చెప్పలేవా?" అని లేచి వెళ్లిపోయాడు.

వకీలుగారు నా స్టేట్‌మెంటు రాసుకున్నారు. ఒక పేజీ కూడా నిండలేదు. "అబ్బాయి ప్రవర్తన గురించి ఒక ముక్క వేద్దామా మేడం?" అన్నారు. వద్దన్నాను. కింద సంతకం పెట్టి, బస్సు టైమైందని లేచి వచ్చేశాను.