అంగడికై దుఃఖింపవచ్చునా?

మొన్న మా యింట పుస్తకముల బీరువా సర్దుచుండగా నొక పాతనవల చేతికి వచ్చినది. దాని వెనుక అట్టపై ధరచీటీ యొకటి యింకను అంటుకొనియున్నది. చీటీమీద ధరయు, ధరక్రింద వాల్డెన్‌బుక్స్ అను పేరును గలవు. మా కోడలు దానిని గోటితో గీకి తీయబోవగా, "ఉండనిమ్మమ్మా! తీయకుము" అని మేము కొంచెము గట్టిగనే యంటిమి. ఆమె వెఱచి చేయి వెనుకకు దీసికొని, "ఇది యెవరైన నిచ్చినదా, మామయ్యగారూ?" అని యడిగెను. ఎవరును ఇచ్చినది కాదు, అంగడిలో కొన్నదే. ఆ యంగడి యిప్పుడు లేదు. అంతమాత్రమునకు మా గొంతు పట్టుకొననేల? ఈ ప్రశ్న కొన్ని దినములుగా మమ్ము విడువకున్నది.

మనుష్యుడు పోయిన దుఃఖింతుము. ఊరిచెరువు పూడిపోయినను, తాతలనాటి మఱ్ఱి కూలినను మనసు కలత చెందుట సహజము. కాని లాభమునకై పెట్టి, లాభము తగ్గినంతనే యెత్తివేసిన దుకాణమునకై, అందును వేయి శాఖలు గల వర్తకసంస్థయొక్క దుకాణమునకై యేడ్చువారిని జూచిన నవ్వు రాదా? అమెరికాలో నలుబది యేబది యేండ్లు పైబడినవా రనేకులు నేడట్లే నిట్టూర్చుచున్నారు. వాల్డెన్‌బుక్స్ అనియు, బి. డాల్టన్ అనియు పాత నామఫలకముల ఛాయాపటములను జూచి, బాల్యమునే పోగొట్టుకొన్నట్లు మాటలాడుచున్నారు. మేమును మొదట నవ్వినవారమే. ఆ ధరచీటీ మా నవ్వును మాన్పినది.

ఈ దుకాణముల నెఱుగని చదువరులకై వాని చరిత్రము కొంత చెప్పవలసియున్నది. 1956వ సంవత్సరమున మిన్నెసోటా రాష్ట్రమందలి ఈడైనాలో సౌత్‌డేల్ అనుపేర, పైకప్పు గలిగి, బయట మంచు గురియుచున్నను లోపల వెచ్చగ నుండు షాపింగు మాల్ తెరువబడెను. దానిని రూపొందించిన విక్టర్ గ్రూయెన్ వియన్నా నగరమున బుట్టినవాడు. కార్లవలన చెదరిపోయి, నలుగురు గలిసి నడచు వీథియైనను లేని శివారుజనులకు తన యూరి నడివీథివంటిదానిని కల్పింపవలెనని యాతని కోరిక. (అవి యెట్లు పరిణమించెనో చూచి కడకాతడే వానిని దూషించెను, అది వేఱు కథ.) ఆ యీడైనాలోనే 1966లో డేటన్ అను వర్తకకుటుంబమువారు తమ యింటిపేరులో నొక యక్షరమును మార్చి బి. డాల్టన్ అను పుస్తకశాలను స్థాపించిరి. వాల్డెన్‌వారు అంతకంటె పాతవారు. 1933లో, ఆర్థికమాంద్యము జనులను పీడించుచుండగా, కనెక్టికట్‌లోని బ్రిడ్జిపోర్టున అద్దెకు పుస్తకములిచ్చు వ్యాపారముగ మొదలిడి, 1962లో పిట్స్‌బర్గున దొలి విక్రయశాలను దెరచిరి. 1981 నాటికి ఏబది రాష్ట్రములందును శాఖలు గలవారైరి. కోరికలను తగ్గించుకొని బ్రతుకుమని బోధించిన థోరో యే కొలనియొడ్డున గుడిసె వేసికొనెనో ఆ కొలని పేరు వాల్డెన్. ఆ పేరు కోరికల సంతకు నడుమ వ్రేలాడదీయబడుట వింతయే!

అంతకు ముందు ఆ దేశమున మంచి పుస్తకశాలలు మహానగరములందును, విద్యాపీఠములున్న పట్టణములందును మాత్రమే విరివిగ నుండెడివి. చిన్నయూరివాడు మందులషాపులోని యినుపచట్రమున నున్న నాలుగు నవలలతో తృప్తి పడవలసియుండెను. ఈ గొలుసుకట్టు దుకాణములవారు పుస్తకములను దెచ్చి చెప్పులయంగడికిని మిఠాయియంగడికిని నడుమ బెట్టిరి. చెప్పులు కొనవచ్చినవాడు పుస్తకమును జూచెను. తల్లి బట్టలు బేరమాడునంతసేపు పిల్లవాడు పుస్తకములనడుమ గూర్చుండెను. చదువరి కావలెనని ముందుగ నెవరును సంకల్పము చెప్పుకొననక్కఱలేకుండెను.

మేము 1986లో విద్యార్థిగ ఆ దేశమునకు వచ్చితిమి. మా యూర పుస్తకముల దుకాణమనగా అడ్డబల్లకు ఆవల గోడనిండ పుస్తకములు, ఈవల మనము, నడుమ గుమాస్తా. "ఏమి కావలెనండీ?" అని యాతడడుగును. ఏమి కావలయునో తెలిసినవాడు చెప్పగలడు. తెలియకపోవుటచేతనే వచ్చినవా డేమని చెప్పును? నవలల నద్దెకిచ్చు దుకాణమున మాత్రము కొంత స్వేచ్ఛ యుండెను. కాని అక్కడను రెండు పుటలకు మించి తిరుగవేసినచో యజమాని దగ్గెడువాడు. అట్టి యలవాటుతో వచ్చిన మాకు, చలికాలమున బస్సెక్కి మాల్‌కు బోయి, వెచ్చదనమునకై యా పుస్తకశాలలో దూరిననాడు కలిగిన యాశ్చర్యము ఇంతంత కాదు. ఎవరును అడుగలేదు. ఒక పుస్తకమును దీసి పది పుటలు చదివితిమి. ఎవరును దగ్గలేదు. ఇరువది పుటలు చదివితిమి. భయమువేసి మేమే పుస్తకమును యథాస్థానమున బెట్టి బయటికి వచ్చితిమి.

తరువాతి శనివారము మరల బోయితిమి. ఆ యేటి చలికాలమున నాలుగు శనివారములలో నొక మూడువందల పుటల గ్రంథమును నిలుచుండియే పూర్తిచేసితిమి. పుటకు గుర్తుగ బస్సుటిక్కెట్టును లోపల నుంచి వచ్చెడివారము. వారము గడచిన పిమ్మటను అది యక్కడనే యుండెడిది. ఒకనాడు పై యరలనుండి పుస్తకములు దీయుటకై యుంచిన చిన్న యెక్కుడుపీటను, ఆ దుకాణపు పిల్ల యొకతె మా ప్రక్కగా బోవుచు కాలితో మావైపునకు జరిపి, మాటయైన నాడక తన పనికి బోయెను. కూర్చుండుమని దాని యర్థము. పరదేశమున అడుగిడిన మాకు ఆనాటివరకు లభించిన గౌరవములలో నది మొదటిది.

ఇంతవరకు చెప్పినది చదివి, పాపము ఎంత మంచి దుకాణమో యని యనుకొనువారికి రెండవ ప్రక్కను గూడ చూపుట మా విధి. ఈ గొలుసుదుకాణములు మునుపటి చిన్న వర్తకులకు శత్రువులైనవి. మాల్‌లో నద్దె హెచ్చు. కావున అరలోని ప్రతి జానెడు చోటును వెంటనే సొమ్ము తేవలెను. డాల్టన్‌వారు కంప్యూటరుల సాయమున, ఏ యూర ఏ పుస్తకమెన్ని ప్రతులమ్మినదో ముఖ్యకార్యాలయమున గూర్చుండియే తెలిసికొనుచుండిరి; నెమ్మదిగ నమ్ముడుపోవు గ్రంథమునకు అక్కడ దిక్కులేదు. అమ్ముడుపోని ప్రతులను ప్రకాశకునకు తిప్పిపంపు నాచారము 1930లనాటి మాంద్యమునుండి వచ్చుచున్నది. చౌకప్రతుల విషయమున, పుస్తకమును మోసికొనిపోవు ఖర్చు దండుగని ముఖపత్రమును మాత్రము చించి పంపి, తక్కిన పుస్తకమును చెత్తలో వేయుచుండిరి. మేము కూర్చుండి చదివిన గదికి వెనుక, గోడకు ఆవల, అట్టలూడదీయబడిన పుస్తకములు పెట్టెలలో నుండెననుమాట మాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

అంతకంటె పెద్దమాట యొకటి కలదు. 1989 ఫిబ్రవరిలో సల్మాన్ రష్దీ నవలపై ఇరానునుండి ప్రాణహానిశాసనము వెలువడగా, వాల్డెన్‌వారును డాల్టన్‌వారును తమ యరలనుండి యా నవలను దీసివేసిరి. ఉద్యోగుల ప్రాణములకు భయపడితిమని వారు చెప్పిన కారణము తీసివేయదగినది కాదు. రచయితలును పాఠకులును నిరసింపగా డాల్టన్‌వారు కొలదిదినములలోనే మరల నమ్మెదమని ప్రకటించిరి. అయినను, ఒక గదిలో నలుగురు కూర్చుండి చేసిన నిర్ణయముచేత వేయియూళ్లలో నొక్కమారుగ నొక పుస్తకము మాయమగుట సాధ్యమని యానాడు తేలినది. వేయిమంది వేఱువేఱు వర్తకులుండిన, వారిలో పిఱికివారెందరున్నను, ధైర్యవంతులు కొందరైన నుండెడివారు గదా!

ఇక వారి చావు సంగతి. డాల్టనును 1986లో బార్న్స్ అండ్ నోబుల్‌వారు కొనిరి; అప్పటికి దానికి సుమారు 800 శాఖలు. వాల్డెనును 1984లో కేమార్టువారు కొని, 1992లో బోర్డర్సును గూడ కొని రెంటిని జతచేసిరి. ఈ క్రొత్త యజమానుల దృష్టియంతయు మాల్‌లకు వెలుపల కట్టిన విశాలశాలలపై, కాఫీబల్లలు గల పుస్తకసౌధములపై నుండెను. చిన్నశాఖలు వరుసగ మూతబడెను. డాల్టను కడపటి శాఖలు 2010 జనవరిలో పోయినవి. 1998లో చిన్నపుస్తకశాలలవారు బార్న్స్ అండ్ నోబుల్‌పైనను బోర్డర్సుపైనను వ్యాజ్యము వేసిరి. ఆ యేడే పెద్దదుకాణము చిన్నదానిని మ్రింగు కథతో నొక చలనచిత్రమును వచ్చి జనులను రంజిల్లజేసెను. ఆనాడు ప్రతినాయకుడు పెద్దదుకాణమే. 2001లో బోర్డర్సువారు తమ యింటర్నెట్టు విక్రయమును తమకు పోటీదారైన అమెజానుచేతికే అప్పగించిరి. 2011 ఫిబ్రవరిలో దివాలా యర్జీ పెట్టిరి. ఆ జూలైలో మిగిలిన 399 దుకాణములను మూసివేయ నిశ్చయింపగా సుమారు 10,700 మంది పనివాండ్రు వీథిబడిరి. వాల్డెను శేషములును అందులోనే యంతరించెను. పదుమూడేండ్ల క్రితము ప్రతినాయకుని దూషించినవారే యాతని శవమువెంట గన్నీరు గార్చుచు నడచిరి. మేమును నడచితిమి.

ఇక్కడ మా సంగతి దాచుట న్యాయము కాదు. ఉద్యోగము వచ్చి, చేత సొమ్మాడిన తరువాత మేమేమి చేసితిమి? శనివారములు పుస్తకశాలకు బోవుట మానలేదు. పుస్తకములను దీసి చూచెడివారము. నచ్చినవాని పేర్లను కాగితపు ముక్కపై వ్రాసికొనెడివారము. ఇంటికి వచ్చి వానినే తక్కువ వెలకు ఇంటర్నెట్టులో దెప్పించుకొనెడివారము. ఇట్లు ఏడెనిమిదేండ్లు జరిగెను. దీనిని మేము తెలివి యనుకొంటిమి; మిత్రులకు నేర్పితిమి గూడ. మూసివేతనాడు మా యూరి దుకాణమున సరుకంతయు డెబ్బదివంతుల తగ్గింపుతో నమ్ముచున్నారని విని పోయి, పండ్రెండు పుస్తకములు కొంటిమి. పుస్తకములకే గాక అరలకును బల్లలకును ధరచీటీలు అంటించియుండెను. మెట్లపీటకును ఉండెను. డబ్బు పుచ్చుకొన్న యుద్యోగి, ఏండ్లతరబడి మమ్ము జూచినవాడే, "చాలా కొనుచున్నారే!" అనెను. ఆతడు నవ్వుచు అనెనో, ఎత్తిపొడుపుగ అనెనో మాకిప్పటికిని తెలియదు.

కావున మా దుఃఖమున మూడువంతులు దొంగయేడుపని యొప్పుకొనుచున్నాము. అందు కొంత కేవలము ప్రాయమునకై. ఇరువదినాలుగేండ్ల వయస్సున నిలుచుండి మూడువందల పుటలు చదువగల కాళ్లకై. అది దుకాణము తప్పును గాదు, గొప్పయును గాదు. కొంత సిగ్గు, సిగ్గు దుఃఖపు వేషము వేసికొనుట మిక్కిలి సులభము. "కాలము మారినది" యనుమాట మా చేతికి మంచి సబ్బువలె దొరకినది. కాలము ఎవరి చేతులతో మారినది? ఆ కాగితపు ముక్కలు వ్రాసిన చేతులు మావే గదా.

అయినను ఆ నాలుగవవంతును మేము వదలుకొనజాలము. యజమానులు మాపై దయచేత అక్కడ చోటిచ్చిరా? లేదు. నిలుచున్నవాడు ఎప్పుడో యొకప్పుడు కొనునని లెక్కవేసికొనియే యిచ్చిరి. వారు తలపెట్టని మేలునకు వారికి కృతజ్ఞత చూపవలెనా? పెండ్లిపందిరి వేసినవాడు బాటసారికి నీడనీయవలెనని వేయడు. ఐనను బాటసారి నీడను బొందుట యబద్ధము కాదు. పందిరి వేసినవానికి మ్రొక్కనక్కఱలేదేమో. కాని ఆ నీడకు వెల యెవరో యిచ్చిరి. మేము చదివిన నాలుగు శనివారములకు వెల యిచ్చినవారు, పండుగకు తోటపని పుస్తకమో, గోడక్యాలెండరో పూర్తివెలకు కొనిపోయిన సామాన్యులు. వారి రుచులను జూచి మేము లోలోపల నవ్వుకొనెడివారము. వారి సంతర్పణలో భుజించి, వడ్డన బాగులేదని గొణిగినవారము మేము.

గ్రంథాలయములు లేవా యని యెవరైన నడుగవచ్చును. కలవు, అమెరికాలోని పౌరగ్రంథాలయములు మెచ్చదగినవి, వానికి మా ఋణము వేఱు. కాని గ్రంథాలయమునకు బోవుటకు ఇల్లు విడుచునప్పుడే చదువవలెనను తలంపు ఉండవలెను. ఆ తలంపు ఇంకను పుట్టనివానికి చెప్పులయంగడి ప్రక్కది కావలెను. ఫోనులో నట్టి ప్రక్క లేదు. అడిగినదానిని, అడిగినదానివంటిదానిని మాత్రమే యది చూపును. అమెజానువారే 2015లో సియాటిల్‌లో పుస్తకశాలను దెరచి, క్రమముగ పెంచి, 2022లో వాని నన్నిటిని మూసివేసిరి. బార్న్స్ అండ్ నోబుల్ మాత్రము 2019లో చేతులు మారిన తరువాత, ఏ యూరి దుకాణమునకు ఏ పుస్తకములు కావలెనో ఆ యూరి పనివారే యెన్నుకొనునట్లు చేసి, 2023 మొదలు క్రొత్త శాఖలను పదులకొలది దెరచినది. శత్రువుగ నెంచబడినదే నేడు శేషించి, మాబోటివారికి దిక్కైనది.

మొన్నటి శనివారము మనుమరాలిని దీసికొని యందులో నొకదానికి బోయితిమి. ఆ పిల్ల అష్టపాది యను సముద్రజంతువును గూర్చిన పుస్తకము నొకదానిని దీసి, అరకు జేరగిలబడి నేలమీద గూర్చుండెను. మేము పీటకై వెదకితిమి, లేదు. మోకాళ్లు సహకరింపకపోయినను అరగంట నిలుచుంటిమి. పోవువేళ యైనదనగా అది పుస్తకమును మూసి, "సగము చదివితిని తాతయ్యా, పెట్టివచ్చెదను" అనెను. కొందమంటిమి. "ఫోనులో తక్కువకు వచ్చును, అమ్మ యెప్పుడు నట్లే కొనును" అని యది మాకు దెలిపెను. అవును, వచ్చును. మేము వరుసలో నిలుచుండి పూర్తివెల చెల్లించితిమి. కారులో వెనుకకూర్చుండి యా పిల్ల మిగిలిన సగమును మొదలుపెట్టెను; దారిలో రెండుమార్లు పలుకరించినను మాకు బదులీయలేదు.